రెండు లేదులు

మంగళవారం, గురువారం, సాయంత్రం ఐదింటికి
దొరిందా వంటింట్లో నా పాఠం.
ఫీజు: ఆమె కట్టెలు నేను చీల్చిపెట్టాలి.
బల్ల మీద సగం బాగుచేసిన వల, ఉల్లిపాయలు, ఓ ఎర్ర పెన్సిలు.
కిటికీ అవతల గలీసియా వాన,
ఆగుతుందని ఎవరూ ఆశ పెట్టుకోని వాన.

అరవై మూడేళ్ళ నాలుకతో
గతకాలం నేర్చుకుంటున్నాను.
గ్రిమ్స్‌బీ రేవులో చేపల పెట్టెలు లెక్కరాసినవాణ్ణి.
జరిగినదంతా నాకు ఒకటే వరస:
జరిగింది, గీత కొట్టు, తర్వాతి పెట్టె.

ఇక్కడ గతానికి రెండు తలుపులు.
"కాంతో" అంటే పాడాడు. ఒకసారి. అయిపోయింది.
"కాంతాబా" అంటే పాడేవాడు,
వల లాగుతూ, గడ్డం గీసుకుంటూ,
ఎవరూ అడగనప్పుడు కూడా.
ఆమె మొగుడి గురించి అడగబోయి
"ఎలాదియో పాడాడా?" అన్నాను.
పెన్సిలు చెవి మీంచి దిగింది.
"ఒక్కసారి పాడి ఊరుకునేవాణ్ణి
నేనెందుకు చేసుకుంటాను?"

మా ఇంగ్లీషులో "వెళ్ళలేదు" అనాలంటే
"డిడ్" అని ఓ కూలీని పిలవాలి.
గతం మూటంతా వాడి నెత్తికెత్తితే
అసలు క్రియ చేతులూపుకుంటూ నడుస్తుంది,
నిన్నా మొన్నా ఏమీ ఎరగనట్టు.
ఇక్కడ కూలీ లేడు.
క్రియ ముందు "నో" అని ఓ చిన్న గులకరాయి, అంతే.
తన గతాన్ని తనే మోసుకోవాలి క్రియ.
అలవాటు చావక వారం రోజులు
ఆ కూలీ కోసం వెతుక్కున్నాను,
మాట మధ్యలో నోరు తెరుచుకుని,
ఒడ్డున పడ్డ చేపలా.

అసలు చిక్కు ఆ తర్వాతి గురువారం.
నోటుపుస్తకంలో ఆమె రాసింది:
"నో బొల్బియో నింగునో."
వేలు పెట్టి లెక్కగట్టాను.
నో: తిరిగి రాలేదు. నింగునో: ఒక్కడూ లేడు.
చిన్నప్పుడు ఆక్లండ్ మాస్టారు
స్కేలుతో వేళ్ళ కణుపుల మీద రాసిన సూత్రం:
రెండు లేదులు కలిస్తే
ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.
"అంటే, ఎవరో ఒకరు తిరిగొచ్చారన్నమాట!"
అన్నాను, క్లాసులో మొదటి మార్కు వాడిలా.

ఉల్లిపాయ తరిగే చప్పుడు ఆగింది.

పడవ సంగతి నాకప్పటికి తెలీదు.
ఐదుగురు. ఫిబ్రవరి.
బేకరీ లోయ్స్ చెప్పాడు తర్వాతెప్పుడో,
రొట్టె కాగితంలో చుడుతూ, నా మొహం చూడకుండా.

ఆమె కోప్పడలేదు.
"మళ్ళీ చెప్పు" అంది.
చెప్పాను. ఈసారి గొంతు తగ్గించి.
"మీ భాషలో అలా అవుతుందా?"
"బడిలో అవుతుంది" అన్నాను.
"రేవులో మేమూ రెండేసి లేదులు వాడేవాళ్ళం.
కోపమొస్తే మా నాన్న మూడు."
తల ఊపింది, రేవు మనిషి రేవు మనిషికి ఊపినట్టు.
"ఒకటి చాలదు" అంది.
"తలుపు తీసి చూస్తావు, లేదు.
కొండ మీది దీపస్తంభం దాకా వెళ్ళి చూస్తావు, లేదు.
అవి కొట్టేసుకోవు, క్లైవ్. పేరుకుంటాయి."

నా తప్పు జవాబు ఆ పేజీలో ఇంకా ఉంది.
ఎర్ర పెన్సిలు దాని పక్కనుంచి వెళ్ళి
కింది వరుసలో "ఫ్వే" అని రాసింది.
ఫ్వే, వెళ్ళాడు, సముద్రం మీదికి.
ఫ్వే, ఒకప్పుడు జాలరి.
వెళ్ళినదానికీ, అయి ఉన్నదానికీ
ఇక్కడ ఒకటే మాట.

"ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అడిగాను.

"కట్టెలు తడుస్తున్నాయి" అంది దొరిందా,
"లోపల పెట్టి వెళ్ళు."